నాయన గీసిన మిల్లు పటం

పోయిన ఏడాది ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున మా లైను ఇళ్ళ మలుపులో ఉన్న టీ అంగడి దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళు ఉంటాయేమో. తలకు పసుపు హెల్మెట్, చేతిలో ఒక పటం. "ఈ మిల్లు లోపల పని చేసినవాళ్ళు ఎవరైనా ఇంకా ఇక్కడ ఉన్నారా?" అని కన్నడంలో అడిగింది. టీ అంగడి అన్న మా ఇంటి వైపు చెయ్యి చూపించినాడు.

నేను గుమ్మం ముందర కూర్చొని బియ్యం ఏరుతున్నాను. నాయన పక్కన మంచం మీద కూర్చొని ఎండ కాగుతున్నాడు. ఆ అమ్మాయి చెప్పులు విడిచి అరుగు మీద కూర్చొని, "అజ్జా, మీది ఏ డిపార్ట్‌మెంట్?" అని అడిగింది.

"డైయింగ్" అన్నాడు నాయన. ఆ మాట చెప్పేటప్పుడు ఎప్పుడూ కొంచెం నిటారుగా కూర్చుంటాడు.

"రంగు నీళ్ళు ఏ వైపు పోయేవి అజ్జా? గుంటలేమైనా ఉండేవా? ఆయిల్ ట్యాంకు ఎక్కడ ఉండేది?"

నాయన మొహం మారింది. "నాకేం జ్ఞాపకం లేదమ్మా, ముసలోణ్ణి" అని లేచి లోపలికి పోయినాడు.

నాకు విచిత్రంగా అనిపించింది. ఎందుకంటే మా నాయనకు మిల్లు సంగతి ఒక్కటీ మరుపు రాలేదు. నిన్న ఏం తిన్నాడో అడిగితే తడుముకుంటాడు గానీ, మిల్లులో తన టోకెన్ నంబరు, మూడు షిఫ్టులకు మూడు కూతలు, క్యాంటీన్లో ఏ రోజు ఏ పలహారం, ఆయుధ పూజకు ఎవరు గుమ్మడికాయ కొట్టేవాళ్ళు, అన్నీ చెప్తాడు. అలాంటి మనిషి జ్ఞాపకం లేదన్నాడంటే అది మరుపు కాదని నాకు అర్థమైంది.

ఆ మిల్లు పేరు ఇక్కడ రాయను. బిన్నీ మాదిరి, రాజా మిల్లు మాదిరి పేరు మోసింది కాదు. పడమటి దిక్కున ఉన్న చిన్న మిల్లుల్లో ఒకటి. నాయన 1966లో మదనపల్లె వైపు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసులో వచ్చి అందులో బదలీగా చేరినాడు. మన పత్రిక చదివే ఇళ్ళల్లో చాలా ఇళ్ళ కథ ఇదే. చిత్తూరు, అనంతపురం, హిందూపురం, కుప్పం. కరువు ఒక పక్క తరిమితే మిల్లు కూత ఇంకో పక్క పిలిచింది.

బెంగళూరు అంటే ఇప్పుడు పిల్లలకు కంప్యూటర్ల ఊరు. మనకు మాత్రం అది మొదటి నుంచీ మిల్లుల ఊరు. బెంగళూరు ఉన్ని, నూలు, పట్టు మిల్లు 1884లో మొదలైంది. అదే తర్వాత బిన్నీ మిల్లు అయింది. దాని పేరు మీదే బిన్నీపేట. మల్లేశ్వరం పక్కన రాజా మిల్లు. గోపాలపుర వైపు మినర్వా మిల్లు. మినర్వా మిల్లు పేరు లా చదివే పిల్లలందరికీ తెలుసు. దాన్ని సర్కారు తీసుకున్న తగాదా మీదే 1980లో సుప్రీం కోర్టు ఒక గొప్ప తీర్పు చెప్పింది. రాజ్యాంగానికి ఒక మూల స్వరూపం ఉందనీ, పార్లమెంటు కూడా దాన్ని చెరపకూడదనీ ఆ తీర్పు. దేశానికి అంత పెద్ద తీర్పు వచ్చిన మిల్లులో ఎంతమంది మనవాళ్ళు దారం ముడేసినారో ఏ లా పుస్తకంలోనూ ఉండదు.

ఇప్పుడు ఆ స్థలాలు చూడండి. రాజా మిల్లు ఉన్న చోట 2010లో పెద్ద మాల్ తెరిచినారు. పక్కనే మెట్రో స్టేషను. బిన్నీ మిల్లు నేల మీద అపార్ట్‌మెంట్లు, మాల్ లేచినాయి. మల్లేశ్వరం అవతల కిర్లోస్కర్ ఫ్యాక్టరీ ఉన్న చోట ఇంకో మాల్, ఆఫీసు గోపురం, హోటలు. ఊరు నడిమధ్యలో, రోడ్డు, నీళ్ళు, కరెంటు అన్నీ ఉన్న స్థలం ఎవరు వదులుకుంటారు? అది తప్పని నేననను. పాడుబడిన షెడ్లలో పాములూ తాగుబోతులూ ఉండే బదులు మనుషులు ఉండటం మేలే. ఊరి అంచున చెరువు పూడ్చి, పొలం కొని కట్టే బదులు పాత ఫ్యాక్టరీ నేలను మళ్ళీ వాడుకోవడమే మంచిదని చదువుకున్నవాళ్ళూ అంటారు. కానీ దానికి ముందు అడగాల్సిన మాట ఒకటుంది. ఆ అమ్మాయి మా అరుగు మీద కూర్చొని అడిగింది ఆ మాటే: ఈ నేల కింద ఏముంది?

మనం పని చేసిన మిల్లు అంటే మనకు మగ్గం, దారం, గుడ్డ జ్ఞాపకం వస్తాయి. నేలకు వేరే జ్ఞాపకాలు ఉంటాయి. బాయిలర్ బొగ్గు బూడిద. భూమిలో పూడ్చిన ఫర్నేస్ ఆయిల్ ట్యాంకు, దాని అతుకుల్లోంచి ఏళ్ళ తరబడి కారిన నూనె. పాత ట్రాన్స్‌ఫార్మర్ల ఆయిల్. ఆస్బెస్టాస్ రేకులు, ఆవిరి గొట్టాలకు చుట్టిన ఆస్బెస్టాస్ తాడు. బ్లీచింగ్ మందు, కాస్టిక్ సోడా. నల్ల రంగుకు వాడే, కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే సల్ఫైడు. రంగు పట్టి నిలవడానికి వేసే నారింజ రంగు పలుకులు. నాయనవాళ్ళు దాన్ని బైక్రోమ్ అనేవాళ్ళు. అందులో ఉండేది క్రోమియం. మా నాయన కుడి చేతి రెండు వేళ్ళ మీద పప్పు గింజంత గుండ్రటి గుంటలు ఉన్నాయి. చిన్నప్పుడు ఆ గుంటల్లో నా వేలు పెట్టి ఆడుకొనేదాన్ని. అవి బైక్రోమ్ తిన్న గుర్తులు.

చిత్తూరు వైపు చుట్టాలున్నవాళ్ళకు రాణిపేట తెలిసే ఉంటుంది. వేలూరు పక్కన. అక్కడ మూతపడిన ఒక క్రోమేటు ఫ్యాక్టరీ ఆవరణలో లక్షన్నర టన్నులకు మించిన క్రోమియం చెత్త కుప్ప పడి ఉండిపోయింది. వాన పడితే పచ్చటి నీళ్ళు కారేవి. మనకు దగ్గర్లో పీణ్యా ఉంది. నేను పదిహేనేళ్ళుగా అక్కడి గార్మెంట్స్‌లో కుట్టు పని చేస్తున్నాను. పీణ్యా బోరు నీళ్ళలో క్రోమియం ఉందని ఎన్నో ఏళ్ళుగా పరీక్షల్లో తేలుతూనే ఉంది. మిల్లు మూసినంత మాత్రాన, గేటుకు తాళం వేసినంత మాత్రాన, నేలలోకి దిగినవి పైకి లేచి వెళ్ళిపోవు.

ఆ రాత్రి నాయన నిద్రపోలేదు. మంచం కిర్రుమంటూనే ఉంది. రెండు గంటలప్పుడు నేను లేచి నీళ్ళిచ్చినాను. తాగినాడు. దీపం వెయ్యొద్దన్నాడు. చీకట్లోనే చెప్పినాడు.

డైయింగ్ షెడ్డు వెనకాల, కాంపౌండ్ గోడకు ఆనుకొని ఒక గుంట ఉండేదంట. మామూలుగా రంగు నీళ్ళు తొట్టిలో నిలవబెట్టి సున్నం కలిపి కాలవకు వదలాలి. తొట్టి అడుగున చిక్కటి మడ్డి మిగులుతుంది. దాన్ని బయటికి పంపాలంటే లారీ కావాలి, డబ్బు కావాలి. అందుకని రాత్రి షిఫ్టులో నలుగురిని పెట్టి ఆ మడ్డిని, చెడిపోయిన రంగు డ్రమ్ములను ఆ గుంటలో పోయించేవాళ్ళు. పోసినందుకు మనిషికి రెండు రూపాయలు, ఒక బెల్లం అచ్చు. ఆ నలుగురిలో నాయన ఒకడు.

"ఎన్నేండ్లు పోసినావు నాయనా?"

"ఏడెనిమిదేండ్లు."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరికి చెప్పేది పాపా? పర్మనెంట్ చేస్తామని ఆశ పెట్టినారు. చేసినారు కూడా."

కాసేపు ఊరుకొని ఇంకో మాట చెప్పినాడు. ఇన్నేళ్ళూ ఆయన గొంతులో ఉండిపోయింది ఆ మాటే.

మా లైను ఇళ్ళ వెనక, మిల్లు గోడకు ఇవతల ఒక బాయి ఉండేది. ముప్పై ఇళ్ళకు అదే నీళ్ళు. నాకు బాగా జ్ఞాపకం ఉంది. కావేరి నీళ్ళు 1974లోనే బెంగళూరుకు వచ్చినా మా లైనుకు కొళాయి రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. అందరూ ఆ బాయిలో చేదుకుంటే మా అమ్మ ఒక్కతే రెండు బిందెలు తీసుకొని మెయిన్ రోడ్డు దాటి, కార్పొరేషన్ కొళాయి దగ్గర గంటసేపు క్యూలో నిలబడి నీళ్ళు తెచ్చేది. లైనులో ఆడవాళ్ళు నవ్వుకొనేవాళ్ళు. "దొరసానికి బాయి నీళ్ళు పనికిరావంట" అనేవాళ్ళు. నేనూ అమ్మ మీద విసుక్కొనేదాన్ని. ఒక బిందె మొయ్యాల్సింది నేనే కదా. అమ్మకు పట్టింపు ఎక్కువ అనుకున్నాను. అమ్మ పోయి పదకొండేళ్ళయింది. అదే అనుకుంటూ ఉన్నాను.

"మీ అమ్మకు చెప్పినాను. ఆ బాయి నీళ్ళు మనకొద్దు అని" అన్నాడు నాయన. "మీ అమ్మకు మాత్రమే చెప్పినాను."

మా పక్కింట్లో ఒక అత్త ఉండేది. సొంత అత్త కాదు, లైనులో పిలుపు. అమ్మ షిఫ్టుకు పోయిన రోజుల్లో నాకు సంగటి ముద్ద పెట్టింది ఆమే. ఆమెకు కడుపులో గడ్డ వచ్చి నలభై ఆరేళ్ళకే పోయింది. ఆ బాయి నీళ్ళకూ ఆమె జబ్బుకూ సంబంధం ఉందని ఏ డాక్టరూ చెప్పలేదు. లేదని కూడా ఎవరూ చెప్పలేరు. నీళ్ళు ఎవరూ పరీక్ష చెయ్యలేదు. తర్వాత బాయిలో నీళ్ళు చప్పగా, ఏదోలా ఉన్నాయని జనమే వాడటం మానేసినారు. దాన్ని పూడ్చి పైన కాంక్రీటు పోసినారు. ఇప్పుడు దాని మీద రెండు ఆటోలు నిలబెడతారు.

నాయన ఏడ్వలేదు. "ఇప్పుడు ఆ పాప వచ్చి అడిగితే నేనేమని చెప్పేది? నేనే పోసినానని చెప్పాల్నా?" అని అడిగినాడు. నా దగ్గర జవాబు లేదు. నాకు కోపం వచ్చింది, జాలీ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఏమీ మాట్లాడలేడు. తెల్లారేదాకా అట్లే కూర్చున్నాం.

రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయి సైటు బయట కనబడితే నేనే పోయి మాట్లాడినాను. ఆమె ఒక ల్యాబ్ తరఫున వచ్చిన ఇంజినీరు. ఆమె చెప్పిన పద్ధతి మన ఇళ్ళల్లో అందరికీ తెలియాలని ఇక్కడ రాస్తున్నాను.

పాత ఫ్యాక్టరీ నేలను పరీక్ష చేసేటప్పుడు ముందు మట్టి తవ్వరు. ముందు కాగితాలు వెతుకుతారు. ఏ ఏడాది ఏ షెడ్డు కట్టినారు, ఏ సరుకు వాడినారు, లైసెన్సుల్లో ఏం రాసి ఉంది. తర్వాత స్థలమంతా నడిచి చూస్తారు. మట్టి రంగు మారిందా, ఎక్కడైనా గడ్డి మొలవకుండా ఉందా, వాసన ఉందా. మూడోది, లోపల పని చేసినవాళ్ళనూ చుట్టుపక్కల ఉండేవాళ్ళనూ అడగడం. ఈ మూడూ మొదటి మెట్టు. అనుమానం ఉన్న చోట్లు తేలినాక రెండో మెట్టు. అప్పుడు సన్న బోరు యంత్రంతో దిగి, అడుగు అడుగుకూ మట్టి తీసి, సీసాల్లో పెట్టి, చీటీ అంటించి, ఐసు పెట్టెలో ల్యాబుకు పంపుతారు. కింద నీళ్ళు తగిలితే వాటినీ పంపుతారు. చెడ్డది ఉందని తేలితే మూడో మెట్టు, బాగు చేయడం. కొన్ని చోట్ల ఆ మట్టిని తవ్వి తీసేస్తారు. కొన్ని చోట్ల పైన గట్టి పొర కప్పి, నీళ్ళు దిగకుండా చేస్తారు. నూనె లాంటివి ఉంటే సూక్ష్మజీవులతో తినిపిస్తారు.

"కాగితాల్లో గుంటలు ఉండవు అక్కా" అన్నది ఆ అమ్మాయి. "శాటిలైటు ఫొటోలో షెడ్డు కప్పు కనబడుతుంది గానీ షెడ్డు వెనకాల ఏం పోసినారో కనబడదు. అందుకే అజ్జ లాంటివాళ్ళు కావాలి. పది ఎకరాల్లో నేను ఇరవై బోర్లు వేస్తాను. ఆ ఇరవైలో ఒక్కటీ గుంట మీద పడకపోతే, నేల బాగుందని రిపోర్టు వస్తుంది. ఎవరూ అబద్ధం చెప్పకుండానే అబద్ధం రిపోర్టు."

ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. ఇంటికి వచ్చి నాయనకు అదే చెప్పినాను. పోసింది ఎవరని ఆమె అడగడం లేదు నాయనా, ఎక్కడ పోసినారని మాత్రమే అడుగుతోంది అన్నాను.

నాయన మాట్లాడలేదు. సాయంత్రం గోడకున్న పాత క్యాలెండరు తీసి వెనక్కి తిప్పినాడు. మనవడి పెన్సిలు అడిగి తీసుకున్నాడు. గేటు, టైమ్ ఆఫీసు, క్యాంటీను, మిల్లు లోపలి గంగమ్మ గుడి. అక్కడి నుంచి స్పిన్నింగ్, వీవింగ్, బ్లీచింగ్, డైయింగ్. బొగ్గు దిబ్బ, బూడిద గుంట, రెండు ఆయిల్ ట్యాంకులు, ట్రాన్స్‌ఫార్మర్ యార్డు, భూమి లోపలి కాలవలు ఏ వైపు పారేవో బాణం గుర్తులతో సహా. ఎన్ని అడుగులో రాయమంటే లెక్క చెప్పి నా చేత రాయించినాడు. ఆయన చదువు మూడో తరగతి. అయినా ఆ పటం చూస్తుంటే నాకే మిల్లులో నడుస్తున్నట్టు ఉంది.

డైయింగ్ షెడ్డు వెనక మాత్రం ఖాళీగా వదిలేసినాడు. నేను అడగలేదు. పటం అట్లే మంచం మీద పెట్టి పడుకున్నాడు. పొద్దున నేను లేచి చూస్తే ఆ ఖాళీలో ఒక గుండ్రం ఉంది. పెన్సిలు గట్టిగా అదిమినట్టు కాగితం కొంచెం చిరిగింది.

ఆ వారమే నాయన్ను ఆటోలో సైటుకు తీసుకుపోయినాను. షెడ్లు చాలావరకు పడగొట్టేసినారు. మనుషులు గుర్తు పట్టలేని రాళ్ళ కుప్పలు. నాయన గోడ వెంబడి నడుచుకుంటూ పోయి, ఒక పాత వేపచెట్టు దగ్గర నిలబడి, చెట్టు నుంచి అడుగులు కొలిచి, చేతికర్ర నేలకు ఆనించి "ఈడ" అన్నాడు. వాళ్ళ ప్లాన్లో ఆ చోట బోరు లేదు. ఆ అమ్మాయి ఫోన్లో ఎవరితోనో మాట్లాడి అక్కడ ఒకటి వేయించింది. ఐదడుగుల దాకా మామూలు ఎర్ర మట్టే వచ్చింది. తర్వాత గొట్టంలో వచ్చిన మట్టి నీలంగా ఉంది. మన పెళ్ళిళ్ళలో కట్టే నీలి చీర రంగు. ముప్పై ఏళ్ళు దాటినా రంగు వాడలేదు. నాయన దాన్ని చూసి, "మంచి రంగు. గట్టి రంగు" అన్నాడు. పనివాడి మాట అది. అన్నాక తలకాయ దించుకున్నాడు.

తర్వాత మేము చెయ్యాల్సిన పని ఇంకొకటి ఉండింది. పక్కింటి అత్త కొడుకు ఇప్పుడు ఆటో నడుపుతాడు. ఆ పూడ్చిన బాయి మీద బండి నిలబెట్టేవాళ్ళలో అతనూ ఒకడు. నాయన అతని ఇంటికి తానే పోయినాడు. నన్ను రావద్దన్నాడు గానీ నేను గుమ్మం బయట నిలబడినాను. నాయన అంతా చెప్పినాడు. గుంట, బెల్లం అచ్చు, అమ్మకు మాత్రమే చెప్పిన సంగతి. అతను చాలాసేపు ఏమీ అనలేదు. లోపల టీవీలో ఏదో పాట వస్తుంటే లేచి ఆపినాడు.

"మామా, బాయి యాడుండేదో ఆ మేడమ్‌కి చూపిచ్చినావా?"

"లేదు."

"రేపు చూపిద్దాం పా."

అంతే. క్షమించినానని అనలేదు, తిట్టలేదు. మరుసటి రోజు బండి పక్కకు తీసి, కాంక్రీటు మీద సుద్దముక్కతో గీత గీసి నిలబడినాడు. కానీ ఆ అమ్మాయి వచ్చి చూసి, తన పని కాంపౌండ్ లోపలి వరకే అని చెప్పింది. ఆమెను నేను తప్పు పట్టను. ఆమెకు ఇచ్చిన ఆర్డరు అంతే. గోడ లోపల ఉన్నది అమ్ముడుపోయే నేల, దానికి పరీక్ష ఉంది. గోడ బయట ఉన్నది మనం. నీళ్ళకు మాత్రం గోడ తెలియదు కదా.

అప్పటి నుంచి నేనూ అతనూ కలిసి తెలుసుకున్న సంగతులు కొన్ని ఉన్నాయి. మీ పేటలోనూ పనికొస్తాయి.

2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన కట్టడాలకు పర్యావరణ అనుమతి కావాలి. కానీ కట్టడాల ప్రాజెక్టులకు బహిరంగ విచారణ అక్కర్లేదని అందులోనే ఉంది. అంటే గని కోసమో పెద్ద ఫ్యాక్టరీ కోసమో అయితే ఊరి జనాన్ని కూర్చోబెట్టి అడగాలి, మిల్లు నేల మీద అపార్ట్‌మెంటు కట్టడానికి మనల్ని అడగనక్కర్లేదు. ఆ అనుమతి కోసం నింపే కాగితాలు ఎక్కువగా అడిగేది, రాబోయే కట్టడం వల్ల చుట్టూ ఏమవుతుందని: ఎంత నీళ్ళు వాడుతుంది, ఎంత చెత్త వస్తుంది, ఎన్ని బండ్లు తిరుగుతాయి. ఇదివరకు ఉన్న ఫ్యాక్టరీ ఆ నేలకు ఏం చేసిందన్నది వెనకబడిపోతుంది. అయినా అనుమతుల్లో మామూలుగా ఒక షరతు ఉంటుంది. మట్టినీ భూగర్భ జలాన్నీ పరీక్షించి, విషపు లోహాలు నీళ్ళలోకి దిగే ప్రమాదం లేదని చూసుకోవాలని. ఆ పరీక్ష కాగితం చూపమని సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగవచ్చు. పది రూపాయల ఫీజు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.

2025 జూలైలో కేంద్ర ప్రభుత్వం విషం పట్టిన స్థలాల కోసమే వేరే నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం అనుమానం ఉన్న స్థలాల జాబితాను జిల్లా అధికారులు ఆరు నెలలకు ఒకసారి పంపాలి. రాష్ట్ర కాలుష్య మండలి తొంభై రోజుల్లో మొదటి పరీక్ష చేయించాలి. ఆ తర్వాత ఇంకో మూడు నెలల్లో వివరంగా పరీక్ష. విషం ఉందని తేలితే ఆ స్థలం పేరు జనానికి ప్రకటించాలి. పాడు చేసినవాళ్ళ దగ్గరే బాగు చేసే ఖర్చు వసూలు చేయాలి. వాళ్ళు దొరకకపోతే, కట్టలేకపోతే, కేంద్రం, రాష్ట్రం భరించాలి. ఆ నియమాలు వచ్చేనాటికి దేశం మొత్తంలో గుర్తించిన స్థలాలు 103. వాటిలో బాగు చేసే పని మొదలైంది ఏడు చోట్ల. ఈ ఒక్క బెంగళూరులో మూతపడిన మిల్లులూ ఫ్యాక్టరీలూ ఎన్ని ఉన్నాయో మీ వేళ్ళ మీద మీరే లెక్కపెట్టుకోండి.

ఇదంతా మన ఊరి గోల మాత్రమే కాదు. అమెరికాలో నయాగరా దగ్గర ఒక కెమికల్ కంపెనీ పాత కాలవలో విషపు చెత్త పూడ్చి, పైన మట్టి కప్పి, 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు స్కూలు బోర్డుకు ఇచ్చేసింది. దాని మీద బడి కట్టినారు, చుట్టూ ఇళ్ళు లేచినాయి. పాతికేళ్ళకు ఇళ్ళ నేలమాళిగల్లోకి ఆ చెత్త ఊరింది. 1978లో లోయిస్ గిబ్స్ అనే గృహిణి ఇంటింటికీ తిరిగి, ఏ ఇంట్లో ఎవరికి ఏ జబ్బు ఉందో రాసుకొని గొడవ చేస్తే, సర్కారు ఆ జనాన్ని అక్కడి నుంచి తరలించింది. రెండేళ్ళకు అలాంటి స్థలాలను బాగు చేసే చట్టం వచ్చింది. ఆమె చేతిలో ఉన్నది కూడా ఒక పటమూ ఒక నోటుబుక్కే.

బొంబాయిలోనూ మనవాళ్ళు ఉన్నారు. కరీంనగర్, వరంగల్ వైపు నుంచి పోయి వర్లీ, ప్రభాదేవి మిల్లుల్లో చేసినవాళ్ళు. 1982 సమ్మె తర్వాత ఆ మిల్లులు ఒక్కొక్కటే మూతపడితే, ఆ భూమిలో కార్మికుల ఇళ్ళకు వాటా ఎంత అని ఏళ్ళ తరబడి కొట్లాట నడిచింది. 1991 నియమంలో మూడో వంతు ఊరి ఖాళీ స్థలానికీ మూడో వంతు ఇళ్ళకీ అన్నారు. 2001లో దాన్ని తగ్గించేసినారు. 2006లో సుప్రీం కోర్టు తగ్గించిందే సరి అన్నది. వాటా కోసం కొట్లాడటం న్యాయమే. మనమూ కొట్లాడాలి. దాంతో పాటు నేల మంచిదేనా అని కూడా అడగాలి. మన పిల్లలు ఆ అపార్ట్‌మెంట్లలో కొనేవాళ్ళు కాకపోవచ్చు. కానీ పునాది తవ్వేది మనవాళ్ళే, చేతులతో ఆ మట్టి ఎత్తేది మనవాళ్ళే, తర్వాత ఆ ఇళ్ళల్లో గిన్నెలు తోమేదీ మనవాళ్ళే.

సైటులో ఆ నీలి మట్టిని తవ్వి తీసినారు. రాత్రిళ్ళు టార్పాలిన్ కప్పిన లారీలు పోయేవి. అలాంటి చెత్తను పూడ్చడానికి డాబస్‌పేట దగ్గర సర్కారు అనుమతించిన చోటు ఉంది. అక్కడికే పోయిందో లేదో తెలుసుకోవడానికి నేను సమాచార హక్కు అర్జీలో ఒక ప్రశ్న వేసినాను. మన గోడ వెనక ఉన్నది తీసి ఇంకో ఊరి బాయి పక్కన పోస్తే నాయన చేసిన పనికీ దానికీ తేడా ఏముంది?

బాయి సంగతి మీద వేరే అర్జీ రాసినాం. చర్చ్ స్ట్రీట్‌లో పరిసర భవన్ అని ఉంది, కాలుష్య మండలి ఆఫీసు. ఒక రోజు గార్మెంట్స్‌కు సెలవు పెట్టి నేనూ ఆ ఆటో తమ్ముడూ పోయినాం. ఒక కాపీ జిల్లాధికారి ఆఫీసులో ఇచ్చినాం. అర్జీ కింద లైనులో పందొమ్మిది ఇళ్ళవాళ్ళు సంతకాలు పెట్టినారు. నాయన వేలిముద్ర వెయ్యలేదు, తన పేరు తానే రాసినాడు. పేరు పక్కన "డైయింగ్ డిపార్ట్‌మెంట్" అని కూడా రాయమని నన్ను అడిగి, అక్షరాలు చూసి రాసుకున్నాడు. అర్జీకి క్యాలెండరు పటం జెరాక్స్ జత చేసినాం. అసలుది ఇంట్లోనే ఉంది.

సీలు వేసిన రసీదు వచ్చింది. జవాబు ఇంకా రాలేదు. వచ్చినాక ఇదే పత్రికలో రాస్తాను, మంచి జవాబైనా చెడ్డ జవాబైనా.

ఈలోగా మీకు ఒక మాట. మీ ఇంట్లో మిల్లులో గానీ ఫ్యాక్టరీలో గానీ పని చేసిన పెద్దవాళ్ళు ఉంటే, ఒక సాయంత్రం వాళ్ళ పక్కన కూర్చోండి. ఒక పాత క్యాలెండరు, ఒక పెన్సిలు ఇవ్వండి. గేటు దగ్గర మొదలుపెట్టమనండి. గేటు నుంచి మొదలుపెడితే మిగతాదంతా వాళ్ళకే జ్ఞాపకం వస్తుంది. ఎక్కడైనా ఖాళీ వదిలేస్తే అప్పుడే అడగొద్దు. పెన్సిలు అక్కడే పెట్టి, మీరు పోయి పడుకోండి.